డీజిల్ తేరుకునే దాకా

నేను పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లో, డెయిరీ ఫార్మ్ అనే పేటలో. కాగితాల మీద ఊరి పేరు మారినా ఇంట్లోనూ బస్సుల్లోనూ అందరం ఇంకా పాత పేరే అంటాం. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్ళో ఇంగ్లీషు. తెలుగు చదవడం మాత్రం మందిరంలో నేర్చుకున్నాను. ఆదివారం ఆరాధనలో అమ్మ పాటల పుస్తకం నా ఒళ్ళో పెట్టి, పాడుతున్న మాట కింద వేలు జరుపుతూ పోయేది. చలి అంటే మాకు తెలిసింది ఒక్కటే, వానలో తడిసి వచ్చి ఫ్యాను కింద కూర్చుంటే పుట్టే వణుకు. మా ఇంట్లో స్వెట్టర్ అనేది లేదు. అలాంటి నాకు మొదటి ఉద్యోగం లడఖ్‌లో వచ్చింది.

ఉద్యోగం ఒక ఆయిల్ కంపెనీలో. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివి, పరీక్ష రాసి సంపాదించుకున్నాను. ఓడల్లోనో లారీల్లోనో వచ్చే పెట్రోలు, డీజిల్ పెద్ద పెద్ద ట్యాంకుల్లోకి దించుకుని, కొలిచి, పరీక్షించి, మళ్ళీ లారీలకు నింపి పంపే చోటును టెర్మినల్ అంటారు. అలాంటి చోట పగలంతా కాళ్ళ మీద నిలబడి చేసే పని అది.

పోస్టింగ్ సంగతి నాన్నకు చెప్పాను. ఆయన దీవుల మధ్య తిరిగే ప్రభుత్వ బోట్లలో ఇంజన్ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. చేతుల గీతల్లో నల్లటి నూనె మరక ఎన్ని సబ్బులు రుద్దినా పోలేదు.

"అంత సలిలో ఆడపిల్లవి ఏటి సేత్తావమ్మా?" అన్నారు.

"డీజిల్ కొలుస్తాను నాన్నా."

"కొలవడం కాదు, నీల్లు సూడు. డీజిల్లో నీల్లుంటే ఇంజన్ ఎంత జబర్దస్త్‌గున్నా ఫాయిదా లేదు, ఆగిపోద్ది."

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. నా చిన్నప్పుడు ఒకసారి ఉత్తరాన ఉన్న మాయాబందర్ నుంచి వస్తుండగా నడిసముద్రంలో ఆయన బోటు ఇంజన్ ఆగిపోయింది. ట్యాంకులో నీళ్ళు చేరాయి. పైన డెక్ మీద జనం నిండా ఉన్నారు. బోటు అలలకు అడ్డంగా తిరిగిపోయి ఊగుతుంటే, ఆయన కింద ఇంజన్ గదిలో ఫిల్టర్లు ఒక్కొక్కటే విప్పి, నీళ్ళు పారబోసి, మళ్ళీ బిగించి, వాంతి చేసుకుంటూ మళ్ళీ విప్పి, మొత్తానికి ఇంజన్ పలికించారు. ఇంటికి వచ్చాక అన్నం తినకుండా పడుకున్నారు. ఆ సంగతి మాకు తర్వాత అమ్మ చెప్పింది. ఆయన మాత్రం ఆ రోజు గురించి ఎప్పుడు మాట్లాడినా నీళ్ళ గురించే మాట్లాడేవారు, సముద్రం గురించి కాదు.

లడఖ్‌లో నాకు పని నేర్పింది అక్కడి సీనియర్ ఆపరేటర్. లడఖీ మనిషి, యాభై దాటినవాడు, మాట తక్కువ. అందరూ ఆయన్ని అన్నయ్య అనే అర్థంలో 'అచో' అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచేదాన్ని. మా మాటలన్నీ హిందీలో. నేను దీవుల నుంచి వచ్చానని తెలిసి, "అక్కడ మంచు పడుతుందా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి నీళ్ళు ఎలా గడ్డకడతాయి?" అన్నాడు. గడ్డకట్టవన్నాను. అదొక సౌకర్యమని ఆయనకు తోచినట్టుంది, బాగా నవ్వాడు.

ఆ ఊళ్ళో అసలు పనంతా ఎండాకాలంలోనే. కనుమ దారి తెరిచి ఉన్నన్ని నెలలూ లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చి డీజిల్ దించిపోతాయి. మంచు పడి దారి మూసుకుపోయాక ఆస్పత్రికైనా, జనరేటర్లకైనా, సైన్యానికైనా మా ట్యాంకుల్లో ఉన్నదే ఆధారం. అక్కడికి మామూలు డీజిల్ పనికిరాదు. చలికి మైనంలా పేరుకుపోతుంది. పేరుకోకుండా ప్రత్యేకంగా తయారుచేసింది తెప్పిస్తారు. దానికైనా అడుగున నీళ్ళు మిగిలితే ప్రమాదమే. ట్యాంకు అడుగున నీళ్ళు వదిలే డ్రెయిన్ వాల్వులో ఆ నీరు గడ్డకట్టి, ఉబ్బి, వాల్వునే పగలగొడుతుంది. అందుకని చలి ముదరక ముందే ప్రతి ట్యాంకు అడుగునా చుక్క నీరు లేకుండా చేయాలి.

నేను వెళ్ళిన మొదటి ఏడు, దారి మూసుకుపోయే ముందు ఆఖరుగా వచ్చిన లారీలు మంచువానలో తడుస్తూ వచ్చాయి. దించుకున్న ట్యాంకులో నీరు కనిపించింది. చదువుకున్న లెక్క ప్రకారం ఎంతసేపు కదపకుండా ఉంచాలో అంతసేపూ ఉంచాను. డీజిల్ బరువు తక్కువ, నీరు బరువు ఎక్కువ. కదపకుండా వదిలేస్తే నీరు అడుక్కి దిగిపోతుంది, పైది తేరుకుంటుంది. నా లెక్క పూర్తవగానే జారులో నమూనా తీసి చూశాను. మజ్జిగ తేటలా మసకగా ఉంది.

అచో జారు చేతిలోకి తీసుకుని ఎండకు ఎత్తి పట్టాడు. "బేటీ, చలికి ఇది చిక్కబడింది. చిక్కబడ్డది నీళ్ళను తొందరగా వదలదు. నువ్వు లెక్క వేసింది వెచ్చగా ఉన్న డీజిల్‌కి" అన్నాడు.

ఇంకో రోజు ఆగాం. మళ్ళీ చూశాం, ఇంకా మసక. మళ్ళీ ఆగాం. ఈలోగా డీజిల్ కావాలని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అచో అందరికీ ఒకే జవాబు చెప్పాడు, తేరుకున్నాక ఇస్తామని. ఆ రోజుల్లో నేను రోజంతా జార్లు తీస్తూ, చూస్తూ, ఉష్ణోగ్రతతో పాటు డీజిల్ ఎంత నెమ్మదిస్తోందో మనసులో పట్టిక కట్టుకుంటూ గడిపాను. చలిలో డీజిల్ కుంచించుకుపోతుందని, నిన్నటి కొలతకూ ఇవాళ్టి కొలతకూ తేడా వస్తే దొంగతనం అనుకోకుండా ముందు థర్మామీటర్ చూడాలని అక్కడే నేర్చుకున్నాను. పొడి గాలికి ఒంటి మీది ఉన్ని బట్టల నుంచి చిటపట నిప్పు రవ్వలు లేస్తాయని, అందుకే ట్యాంకు ఎక్కే ముందు ఒట్టి చేత్తో ఇనప కడ్డీ పట్టుకుని ఆ కరెంటు నేలకు దించాలని కూడా. వేళ్ళ చర్మం ఆ కడ్డీకి అంటుకుపోయేది. రెండు చలికాలాలు చేశాను. రెండో ఏడు ట్యాంకు ఎప్పుడు తేరుకుంటుందో నేను చెబితే అచో జారు చూడకుండానే తల ఊపేవాడు.

తర్వాత బదిలీ అడిగితే ఇంటికే వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ టెర్మినల్, ఆపరేషన్స్ ఆఫీసర్ పదవి. హెల్మెట్ తీసి నుదురు తుడుచుకోకుండా పది అడుగులు నడవలేని చోటు. పైకి రెండూ వేరు లోకాలు. నాకు మాత్రం చాలా విషయాల్లో ఒకటే అనిపించింది. అక్కడ కనుమ మూసుకుంటే ఒంటరి, ఇక్కడ సముద్రం ఎగిసిపడితే ఒంటరి. ఇక్కడ కరెంటు కూడా చాలావరకు డీజిల్‌తోనే తయారవుతుంది. ఓడ రాకపోతే ముందు లారీలు ఆగిపోతాయి, ఆ తర్వాత బల్బులు ఆరిపోతాయి.

మా మేనేజర్ కాకినాడ వైపు మనిషి. దీవులకు బదిలీ మీద వచ్చారు. నిదానస్తుడు, మర్యాదస్తుడు. సముద్రం అంటే మాత్రం ఆయనకు పడదు. ఫెర్రీ ఎక్కితే కళ్ళు మూసుకుని కూర్చునేవారు. నన్ను మొదట్నుంచీ 'మీరు' అనే పిలిచారు.

ఇప్పుడు చెప్పబోయేది ఆ తర్వాతి వానాకాలం చివర్లో జరిగింది. తుపాను పట్టేటట్టుందని హెచ్చరిక వచ్చిన సమయంలోనే మెయిన్‌లాండ్ నుంచి డీజిల్ ఓడ వచ్చింది. జెట్టీ దగ్గర అలలు లేస్తున్నా ఎలాగో సరుకంతా మా మొదటి ట్యాంకులోకి దించి, ఓడ హడావుడిగా తాళ్ళు విప్పుకుని వెళ్ళిపోయింది. ఆ పొద్దున నేను మెట్లెక్కి ఆ ట్యాంకు కొలవడానికి పోయాను. కొలిచే టేపు చివర ఇత్తడి గుండుకు ఒక పేస్టు రాస్తాం. నీరు తగిలినంత మేరా ఆ పేస్టు ఎర్రబడుతుంది. టేపు పైకి లాగి చూస్తే జానెడు మేర ఎర్రగా ఉంది. జారులో నమూనా తీశాను. మసక.

కిందికి దిగుతుండగానే ఫోను మోగింది. మాయాబందర్ నుంచి మా పిన్ని. అక్కడి ఆస్పత్రిలో నర్సుగా చేస్తోంది.

"ఏమ్మా, ఇక్కడ పవర్ హౌస్‌లో డీజిల్ అడుక్కొచ్చేసిందంట కదా? సచ్ హై క్యా?" అంది.

నిజమే. అంతకు ముందు పంపిన లారీలు రోడ్డు మీద మట్టిపెళ్ళలు విరిగిపడి వెనక్కి వచ్చేశాయి. ఉత్తరానికి మా లారీలు అడవి దారిలో పోలీసు కాన్వాయ్‌తో పోయి, మధ్యలో సముద్రపు పాయ దగ్గర వాహనాలను దాటించే ఫెర్రీ ఎక్కి పోవాలి. రోడ్డు ముందు రోజే బాగైంది.

"ఇవాళ పంపుతున్నాం పిన్నీ."

"పక్కా?"

"పక్కా."

మాట ఇచ్చేశాను. ఆఫీసులోకి వెళ్ళి జారు నా బల్ల మీద పెట్టేసరికి మేనేజర్ గారు ఫోను పెట్టేసి నా వైపు చూశారు.

"ఫెర్రీ మధ్యాహ్నం దాకానే నడుపుతారట. ఆ తర్వాత తుపాను దాటేవరకూ బంద్. మాయాబందర్ లారీలు గేటు దగ్గర ఉన్నాయి. వెంటనే మొదటి ట్యాంకు నుంచి నింపించేయండి."

"మొదటి ట్యాంకులో నీరుంది సార్. జానెడు. పైన కూడా మసకగానే ఉంది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఎప్పటికి తేరుకుంటుంది?"

"రేపు సాయంత్రానికి."

"రేపు సాయంత్రం ఫెర్రీ ఉండదు కదమ్మా."

"అందుకే రెండో ట్యాంకు నుంచి నింపుదాం సార్."

రెండో ట్యాంకులో పాత సరుకు ఉంది. శుభ్రమైనది, కొంచెమే మిగిలింది. ఆ కొంచెమూ పోర్ట్ బ్లెయిర్ పవర్ హౌస్ కోసం అట్టేపెట్టింది. అది ఉత్తరానికి పంపేస్తే, ఊరికి ఇవ్వడానికి నీళ్ళు కలిసిన మొదటి ట్యాంకు ఒక్కటే మిగులుతుంది. పవర్ హౌస్ సొంత ట్యాంకుల్లో ఉన్నది ఎంత సర్దుకున్నా ఓ రెండు రోజులకు మించి రాదు.

"అది ముట్టుకోవద్దని ఆర్డరు" అన్నారాయన.

"తెలుసు సార్. కానీ మాయాబందర్‌కి ఇవాళ తప్ప దారి లేదు. మనకు రేపు ఉంది. నీళ్ళ డీజిల్ పంపితే అక్కడ ఇంజన్లు పాడవుతాయి, బాగుచెయ్యడానికి పోయే దారి కూడా ఉండదు. ఏమీ పంపకపోతే తుపాన్లో ఆస్పత్రితో సహా చీకటి. మంచిది వాళ్ళకిచ్చి, చెడ్డదాన్ని మన దగ్గర పెట్టుకుని బాగుచేద్దాం."

"రేపు సాయంత్రానికి తేరుకుంటుందని ఎలా చెబుతున్నారు? పుస్తకంలో ఉందా?"

"పుస్తకంలో ఉన్నదానికన్నా ఎక్కువే చూశాను సార్. చలిలో రోజుల తరబడి ఆగినా నీళ్ళు వదలని డీజిల్‌తో రెండేళ్ళు పనిచేశాను. ఎంత చల్లగా ఉంటే ఎంత ఆలస్యమో నాకు తెలుసు. ఇది గోరువెచ్చగా ఉంది. పల్చగా ఉంది. పొద్దున తీసిన నమూనా నా బల్ల మీద పెట్టాను, చూడండి, అప్పుడే అడుగున నీటి బొట్లు పడ్డాయి."

ఆయన లేచి వచ్చి జారు వంక చూశారు. తర్వాత మెయిన్‌లాండ్ ఆఫీసుకు ఫోన్ చేయబోయారు. లైను కలవలేదు. మళ్ళీ చేశారు. గుయ్యిమనే శబ్దం తప్ప ఏమీ లేదు. కిటికీ అవతల గేటు దగ్గర లారీలు ఇంజన్లు ఆపుకుని నిలబడి ఉన్నాయి.

"తేరుకోకపోతే?" అన్నారు, ఫోను చేతిలోనే పట్టుకుని.

"ఊరి లైట్లు ఆరిపోతే నావల్లేనని చెప్పండి సార్. నేనూ అదే చెబుతాను."

"అలా ఎందుకు? ఇద్దరం చెబుదాం" అని ఆయన ఫోను కింద పెట్టారు. "కానివ్వండి. రెండో ట్యాంకే."

ఆ మనిషి మీద నాకు అంతకుముందూ గౌరవముంది. ఆ క్షణం నుంచి అది ఇంకో రకంగా మారింది.

నింపడం మొదలుపెట్టాం. వాన రేకుల మీద హోరుమంటోంది. మొదటి లారీ నిండింది. రెండోది సగంలో ఉండగా కొండ మీద మెరుపు మెరిసింది, వెంటనే ఉరిమింది. పంపు ఆపేయమని చెప్పాను. మెరుపుల్లో నింపకూడదు, అందులో వాదన లేదు. కానీ ఆ లారీ డ్రైవర్‌కు ఆగేంత ఓపిక లేదు. దీవుల్లోనే రంగత్ దగ్గర పుట్టి పెరిగిన బెంగాలీ మనిషి, ఏళ్ళుగా ఆ రోడ్డు మీద తిరుగుతున్నవాడు.

"దీదీ, ఫెర్రీ ఛూట్ జాయేగా! కొంచెమే కదా, భర్ దో!" అని గట్టిగా అరిచాడు. మా దగ్గర తిరిగి తిరిగి అతనికి తెలుగు ముక్కలు పట్టుబడ్డాయి.

"భయ్యా, ఇది పేలితే ఫెర్రీ ఉండదు, నువ్వూ ఉండవు, నేనూ ఉండను. కూర్చో. చాయ్ తాగు."

అతను కూర్చోలేదు. టైర్ల చుట్టూ తిరుగుతూ, ప్రతి టైరునూ కాలితో తంతూ, ఆకాశాన్ని తిట్టాడు. నేను రేకుల కింద నిలబడి మెరుపుకూ ఉరుముకూ మధ్య ఎడం పెరుగుతోందా లేదా అని వింటూ ఉన్నాను. మెల్లగా ఉరుములు దూరమయ్యాయి. ఇంకాసేపు ఆగి, పంపు వెయ్యమన్నాను. మిగిలినవన్నీ నింపి, మూతలకు సీళ్ళు వేసి పంపించాం. భయ్యా ఎక్కబోతూ వెనక్కి తిరిగి, కోపం వద్దన్నట్టు చెయ్యి ఊపి, "గుస్సా మత్ కర్‌నా దీదీ" అన్నాడు.

"ఫెర్రీ ఎక్కాక ఫోన్ చెయ్."

ఆ ఫోను వచ్చేదాకా నేను అన్నం ముట్టుకోలేదు. మధ్యాహ్నం దాటాక వచ్చింది. గాలి హోరులో సగం వినబడలేదు. అన్ని లారీలూ పాయ దాటాయని, వాటి వెనకే ఫెర్రీ కట్టేశారని అర్థమైంది. మేనేజర్ గారికి చెబితే కళ్ళు మూసుకుని తల ఊపారు, తనే ఫెర్రీలో కూర్చున్నట్టు.

ఇక మిగిలింది మొదటి ట్యాంకు. మొదటి నుంచీ అదే అసలు పని.

ట్యాంకు అడుగున డ్రెయిన్ వాల్వు కొద్దిగా, చాలా కొద్దిగా తెరిచాం. ఒక్కసారి పూర్తిగా తిప్పితే నీరు సుడి తిరిగి పైనున్న డీజిల్‌ను కూడా లాక్కుని వస్తుంది. సన్నగా వదిలితే నీరొక్కటే వస్తుంది. ఆ నీరు కాలవలో పడి, నూనె వేరుచేసే తొట్టెలోకి పోతుంది. వానకోటు వేసుకుని ఆ వాల్వు పక్కన వంగి కూర్చున్నాను. నాతో పాటు ఇద్దరు ఆపరేటర్లు వంతులవారీగా కూర్చున్నారు. మట్టిరంగు నీళ్ళు ధారగా వచ్చాయి. డీజిల్ వాసన ముదిరినప్పుడల్లా మూసేయడం, కాసేపు ఆగడం, అడుగుకి ఇంకొంచెం నీరు చేరాక మళ్ళీ తెరవడం. సాయంత్రానికి ధార సన్నబడింది. ట్యాంకు పక్కనున్న నమూనా కుళాయి నుంచి నమూనా తీశాను. పొద్దుటికన్నా నయమే. కానీ తేట కాదు.

ఆ సాయంకాలం స్నానం చేసి, రెండు ముద్దలు తిని రావడానికి ఇంటికి వెళ్ళాను. నాన్న వరండాలో కుర్చీ లోపలికి జరుపుకుని కూర్చుని ఉన్నారు, కొబ్బరిచెట్లు ఊగిపోతున్నాయి. జరిగింది చెప్పాను.

"నీల్లు పోయినాయా?"

"ఇంకా మసకుంది నాన్నా. పవర్ హౌస్ వాళ్ళు అప్పుడే అడుగుతున్నారు."

"అడగనీ. సీకట్లో ఉంటే మనుసులు తిట్టుకుంటారు, అంతే. నీల్లిచ్చేవంటే మాత్రం ఇంజన్ పోద్ది. అప్పుడు తిట్టడానిక్కూడా ఓపికుండదు." ఆయన నా పళ్ళెం వంక చూసి, "ఆ చేప ముక్క తిను. ఏటి అలా కెలుకుతన్నావు" అన్నారు.

తిన్నాను. అప్పటిదాకా ఎంత ఆకలిగా ఉన్నానో నాకే తెలియదు.

మర్నాడు తుపాను నిజంగానే విరుచుకుపడింది. మా టెర్మినల్ గోడ మీదుగా సముద్రపు తుంపర ఎగిరి వచ్చింది. ఆ గాలికి ట్యాంకు ఎక్కడం కుదరదు. కింద నుంచి మాత్రమే చూసుకోవాలి. డ్రెయిన్ నుంచి కాస్త నీరు, మళ్ళీ విరామం, మళ్ళీ కాస్త. మధ్యాహ్నం పవర్ హౌస్ ఇంజనీరు ఫోన్ చేసి, కొన్ని వీధులకు వంతులవారీగా కరెంటు తీస్తున్నామని, సాయంత్రానికి డీజిల్ రాకపోతే ఇంకా తీయాల్సి వస్తుందని చెప్పాడు. మేనేజర్ గారు ఆ ఫోన్ తనే తీసుకుని, "తేరుకున్నాక ఇస్తాం" అన్నారు. లడఖ్‌లో విన్న మాటే అది, అదే నిదానంతో. నాకు నవ్వొచ్చింది, దాచుకున్నాను.

మధ్యాహ్నం ఒక గంట మాత్రం చెడ్డగా గడిచింది. పక్క కుళాయి నమూనా పొద్దుటి కన్నా మసకగా కనిపించింది. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఆ జారు చూస్తూ, ఏమైనా తప్పు లెక్క వేశానా అని మొదటి నుంచీ అన్నీ తిరగేసుకున్నాను. ఉష్ణోగ్రత, లోతు, గంటలు. ఎక్కడా తప్పు కనిపించలేదు. కుళాయి గొట్టంలో నిలిచిపోయిన పాత డీజిల్ వల్ల ఏమో అనుకుని, మళ్ళీ వెళ్ళి, ముందు ఒక బకెట్టెడు పారనిచ్చి, అప్పుడు నమూనా తీశాను. ఈసారి పొద్దుటికన్నా తేటగా ఉంది, తేడా కంటికే తెలిసింది.

సాయంత్రం కాబోతుండగా గాలి ఒక్కసారిగా తగ్గింది. మెరుపుల్లేవు. నడుముకు బెల్టు కట్టుకుని మెట్లెక్కాను. పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి మూడు చోట్ల నమూనాలు తీసుకుని దిగాను. పేస్టు ఎర్రబడింది అంగుళం కూడా లేదు, అదీ లారీలకు తోడే గొట్టానికి బాగా కిందనే. మూడు జార్లూ కంట్రోల్ రూమ్ బల్ల మీద పెట్టాను. డీజిల్ బాగా తేరుకుందా లేదా అని చూడటానికి జారు వెనక అచ్చు అక్షరాలు పెట్టి చదివి చూస్తాం. చేతికి దొరికింది గోడ మీదున్న మా మందిరం వాళ్ళ తెలుగు క్యాలెండరు. దాన్ని ఊడదీసి జారు వెనక పెట్టాను.

మేనేజర్ గారు ముందుకు వంగారు. "మీకు తెలుగు చదవడం వచ్చా? ఇక్కడ పుట్టినవాళ్ళకు రాదంటారే."

"వినండి సార్. 'యౌవనస్థుల కూటం శనివారం సాయంత్రం. అందరూ తప్పక రావలెను.'"

"అడుగున చిన్న అక్షరాలు?"

"'టీ, సమోసాలు ఇవ్వబడును.'"

ఆయన పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను చూడటం అదే మొదలు. మిగిలిన రెండు జార్లూ ఆయనే పట్టుకుని, చిన్న అక్షరాలన్నీ గట్టిగా చదివారు. తర్వాత పవర్ హౌస్‌కు ఫోను చేసి లారీలు పంపమన్నారు. చీకటి పడేలోగా రెండు లారీలు నింపి పంపాం. ఊళ్ళో మిగిలిన వీధులకు కరెంటు తీయాల్సిన అవసరం రాలేదు.

మాయాబందర్ ఫోన్లు రెండు రోజులు పలకలేదు. ఆ రెండు రోజులూ నేను పైకి ఎంత గట్టిగా ఉన్నా లోపల పిన్ని గురించే ఆలోచించాను. లైను కలవగానే ఆమె మొదలుపెట్టింది ఫిర్యాదుతో.

"ఇదేం న్యాయం అమ్మా! ఊళ్ళో అందరి ఇళ్ళల్లో తీగలు తెగి చీకటి. పవర్ హౌస్ నుంచి హాస్పిటల్ లైను మాత్రం ఉంది. ఊరంతా ఫోన్లు పట్టుకుని వార్డులోకొచ్చి ఛార్జింగ్ పెట్టుకుంటున్నారు. పేషెంట్లకు నిద్ర లేదు. శోర్ అంటే శోర్ కాదు, గోలే గోల!"

"ఆపరేషన్లు జరిగాయా పిన్నీ?"

"ఎందుకు జరగవు? లైటుంది కదా" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

నేను ఫోను పెట్టేశాను. ఎవరికీ ఏమీ ప్రత్యేకంగా అనిపించకపోవడమే మా పని బాగా జరిగిందనడానికి గుర్తు. ఆ రోజు మాత్రం పిన్ని మాట నాకు చాలా తియ్యగా వినిపించింది.

సరుకులో నీళ్ళు ఎలా కలిశాయో తర్వాత తేలింది. ఆ ఓడలో ఒక ట్యాంకు మూతకున్న రబ్బరు చినిగి, దారిలో అలల నీళ్ళు లోపలికి దిగాయి. ఓడవాళ్ళు ఆ రబ్బరు మార్చుకున్నారు. ఆర్డరు మీరి రెండో ట్యాంకు తోడినందుకు మెయిన్‌లాండ్ ఆఫీసు వాళ్ళు సంజాయిషీ అడిగారు. మేనేజర్ గారు, నేను కలిసే ఫోన్లో మాట్లాడాం. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాం. అవతలి మనిషి అంతా విని, "మళ్ళీ ఇలాంటిది రాకుండా ఏం చేస్తారు?" అని అడిగాడు.

దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. చలి ప్రాంతంలో కనుమ మూసుకుపోతుందని తెలిసి ముందే నింపుకున్నట్టు, ఇక్కడ కూడా తుపాన్ల కాలం రాకముందే ఉత్తరం వైపు ట్యాంకులన్నీ నింపేయాలని చెప్పాను. ఓడ వచ్చినప్పుడు చూసుకుందాం అనే అలవాటు మానుకోవాలన్నాను. ఒప్పుకున్నారు. అప్పటి నుంచి ఏటా అలాగే చేస్తున్నాం. మొదటి ఏడు దాని షెడ్యూల్ నేనే వేశాను, లారీ లారీకీ, ఫెర్రీ ఫెర్రీకీ.

ఆ తుపాను దాటి ఫెర్రీ మళ్ళీ తిరగడం మొదలైన మర్నాడే ఉత్తరం వెళ్ళిన లారీలు తిరిగొచ్చాయి. చక్రాల నుంచి అద్దాల దాకా ఎర్రమట్టి. ఒకదాని ముందు అద్దం మీద ఆకులు ఇంకా అంటుకుని ఉన్నాయి. భయ్యా కిందికి దిగి, ఒళ్ళు విరుచుకుని, మూడు రోజులు లారీలోనే పడుకున్నానని, మాయాబందర్‌లో ఎవరో రోజూ చేపల కూర పెట్టారని చెప్పాడు. నల్లగా చిక్కిపోయాడు గానీ ముఖం కళకళలాడుతోంది.

"ఇవాళ ఇంటికి పో భయ్యా. పడుకో. రేపు రా."

"నై దీదీ. అక్కడ మళ్ళీ అడుగుతున్నారు. ఆ పైనున్న డిగ్లీపూర్ వాళ్ళకి కూడా కావాలంట. భర్ దో, ఎండగా ఉంది కదా, చలా జాతా హూఁ."

ఆకాశం నిజంగానే శుభ్రంగా ఉంది. ముందు లారీ టైర్ల గాలి చూసుకుని, బ్రేకులు చూసుకుని, మొహం కడుక్కుని రమ్మన్నాను. అతను వచ్చేలోగా మొదటి ట్యాంకు వాల్వు తెరిపించాను. మేనేజర్ గారు ఆఫీసు కిటికీలోంచి చెయ్యి ఊపారు. వరసలో మొదటి లారీని లోపలికి రమ్మని పిలిచి, మళ్ళీ నింపడం మొదలుపెట్టాం.